దొరబాబు రాజీనామా ప్రకరణం

గొప్పవాళ్ళ జీవితచరిత్రలు పుట్టుకతో మొదలవుతాయి. దొరబాబుది హెవీ లైసెన్సుతో మొదలుపెట్టడమే న్యాయం. అంతకు ముందు ఇరవై ఒక్క ఏళ్ళు బతికాడనడానికి సాక్షులున్నారు గానీ, ఆ కాలంలో ఏం చేశావయ్యా అంటే, "ఏముందండి, తిరిగానండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. లైసెన్సు వచ్చాక తిరిగింది మాత్రం కిలోమీటర్లతో సహా చెప్పగలడు. ప్రస్తుతం వయసు నలభై ఎనిమిది. పెనుగొండకు రెండు మైళ్ళ దూరంలో ఇల్లు. భార్య వీరవేణి. నర్సింగు చదివే ఒక కూతురు.

ఈ జీవితంలో పందొమ్మిదేళ్ళు భీమవరం జగపతిరాజు గారి చేపల లారీ మీద గడిచాయి. చెరువుల్లో పట్టిన చేపను ఐసు కలిపి పెట్టెల్లో పేర్చి ఇస్తే, ఐసు కరిగేలోగా హౌరా మార్కెట్టుకు చేర్చడం ఉద్యోగం. లారీ వెనక నుంచి కారే నీళ్ళు చూసి లోపలి చేపకు ఇంకా ఎన్ని గంటల పరువు మిగిలిందో చెప్పగలిగేవాడు దొరబాబు. ధార సన్నగా, తెల్లగా ఉంటే ఒడిశా నిశ్చింతగా దాటొచ్చు. చిక్కబడి రంగు తిరిగితే బరంపురంలో ఆగి ఐసు వేయించాలి. ఈ విద్యను ఏ కాలేజీలోనూ చెప్పరు. కాబట్టి దీనికి రావలసిన గౌరవం కూడా రావడం లేదని దొరబాబుకు లోలోపల చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉండేది.

ఆ ఫిర్యాదు వినడానికా అన్నట్టు, కిందటి వేసవిలో ఒకాయన ఇస్త్రీ చొక్కాతో లారీల షెడ్డు దగ్గరి టీకొట్టుకు వచ్చాడు.

"దొరబాబు గారంటే మీరేనాండి?"

"ఆయ్, నేనేనండి."

"మీ పేరు మా దాకా వచ్చిందండి."

ఒక మనిషిని పాడుచెయ్యడానికి ఇంతకంటే పొడుగు వాక్యం అక్కర్లేదు. వచ్చినాయన ఒక రవాణా కంపెనీ మనిషి. భీమవరం చుట్టుపక్కల ప్లాంట్లలో గడ్డకట్టించిన రొయ్యలను కంటెయినర్లలో కాకినాడ పోర్టుకు చేరుస్తారు. ఆ కంపెనీకి ఒక పేరుంది గానీ పనిచేసేవాళ్ళెవరూ పేరుతో పిలవరు, కంపెనీ అంటారు. అక్కడ డ్రైవరును డ్రైవరు అనరట. పైలట్ అంటారట. యూనిఫాం, బూట్లు, ఏసీ క్యాబిను, పీఎఫ్, వారానికో రోజు సెలవు. దొరబాబు టీగ్లాసు కింద పెట్టేసరికే మనసులో బూట్లు వేసేసుకున్నాడు.

మిగిలింది రాజుగారికి చెప్పడం. పందొమ్మిదేళ్ళు ఉప్పు తిన్న ఇంటికి వెళ్ళి మానేస్తానని ఎలా అనడం? మూడు రోజులు మాటలు కూడబలుక్కున్నాడు. తీరా చెబితే జగపతిరాజు గారు కాసేపు పైన తిరిగే ఫ్యాను వైపు చూసి, "సరే, ముందు భోంచెయ్యి" అన్నారు. ఆయన భార్య రత్నమాణిక్యం గారు స్వయంగా వడ్డించారు. రొయ్యల ఇగురు, కోడి వేపుడు, గోంగూర మాంసం, రెండు పప్పులు, పనసపొట్టు కూర, ఆపైన బూరెలు. పెరుగన్నం దగ్గరకు వచ్చేసరికి దొరబాబుకు కళ్ళు చెమ్మగిల్లాయి. తన కోసం ఇంత బాధపడేవాళ్ళను వదిలి పోతున్నానే అనుకున్నాడు. వెళ్ళేటప్పుడు మొగుడూ పెళ్ళాలిద్దరికీ బట్టలు పెట్టి, చేతిలో ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఒకటి ఉంచారు.

ఆ డబ్బా షెడ్డులో పంచాడు. "నన్ను పేరెట్టి వెతుక్కుంటా వచ్చారురా" అని రేకు రేకుకూ చెప్పాడు. అదే షెడ్డులో వేరే ఓనరు బండి నడిపే తాతాజీ రెండు తిని, మూడోది జేబులో పెట్టుకుని, "పైలట్ గారూ, పైనుంచి వెళ్ళేటప్పుడు మా లారీలు కనపడితే చెయ్యూపండి" అన్నాడు.

పైలట్ జీవితం ఇలా ఉంది. కంటెయినరులో రొయ్యకు మైనస్ పద్దెనిమిది డిగ్రీలు. క్యాబినులో దొరబాబుకు, రోజునుబట్టి, నలభై. బండి ఆగితే క్యాబిను ఏసీ ఆపెయ్యాలని ఒక రూలు. రొయ్యల ఏసీ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదని ఇంకో రూలు. ఇక బండి ఆగడమంటే కాసేపు కాదు. ప్లాంటు గేటు బయట ఏడు గంటలు, ఒక్కోసారి తొమ్మిది. లోపల బాత్రూములున్నాయి గానీ శుభ్రత దృష్ట్యా పైలట్లను రానివ్వరు. అరవై దాటి పోనివ్వకుండా ఇంజనుకు తాళం వేశారు. కంటెయినరు తలుపుకు సీలు. మొదట్లో అలవాటు కొద్దీ దిగి వెనక్కి వెళ్ళి చూసేవాడు. ఏమీ కారేది కాదు. పందొమ్మిదేళ్ళ విద్య, చూడటానికి ఒక చుక్క నీరు లేదు.

లోపలి సంగతి అతనికి తెలియదు గానీ హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చున్న ఒకాయనకు తెలుస్తుంది. ఆయన ఫోను చేస్తాడు.

"టెంపరేచర్ ఒక పాయింట్ పెరిగింది, చూడండి."

"చూడాలంటే సీలు తియ్యాలండి."

"సీలు తియ్యకూడదండి."

"మరి ఏం చూడమంటారండి?"

"అలర్ట్‌గా ఉండండి."

దొరబాబు అలర్టుగా ఉండేవాడు. అది ఎలా ఉండాలో ఆయనా చెప్పలేదు, ఈయనా అడగలేదు.

ఇవన్నీ ఓర్చుకున్నాడు. చిక్కు కెమెరా దగ్గర వచ్చింది. అద్దం పక్కన గుడ్లగూబ కన్నంత కెమెరా ఒకటి ఎప్పుడూ అతని మొహంలోకే చూస్తూ ఉంటుంది. ఆవలిస్తే మోగుతుంది. పక్కకు చూస్తే మోగుతుంది. స్టీరింగు మీద నుంచి రెండు చేతులూ తీస్తే ఒక ఆడమనిషి గొంతు ఇంగ్లీషులో హెచ్చరిస్తుంది. భీమవరం నుంచి కాకినాడ వెళ్ళే దారిలో సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, రావులపాలెం దాటాక గౌతమి. గోదావరి ఒకటే అయినా పాయలు రెండు కాబట్టి రెండింటికీ వేర్వేరుగా రెండు చేతులూ ఎత్తి దండం పెట్టడం దొరబాబుకు లైసెన్సు నాటి నుంచీ ఉన్న అలవాటు. ఈ దేశపు డ్రైవర్లలో ఆ పని చెయ్యనివాళ్ళను వేళ్ళ మీద లెక్కించవచ్చు. వెళ్ళేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు. నెల తిరిగేసరికి కంపెనీ రికార్డులో దొరబాబు అనే పైలట్ డెబ్బై రెండు సార్లు, అదీ నదుల మీద మాత్రమే, వాహనాన్ని గాలికి వదిలేసినట్టు నమోదయింది.

కాకినాడ ఆఫీసులో పిలిచి కూర్చోబెట్టారు. దీన్ని కౌన్సెలింగు అంటారు. భద్రత చూసే ఆఫీసరు పేరు ఆదిత్య. ఇరవై ఆరేళ్ళు ఉంటాయి, మర్యాదస్తుడు. ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు. తెర నిండా దొరబాబులే. డెబ్బై రెండు చదరాల్లో డెబ్బై రెండు మంది కళ్ళు మూసుకుని చేతులు జోడించి ఉన్నారు.

"ఇదేంటండి అంకుల్?"

"గోదారమ్మకండి."

"కళ్ళు కూడా మూస్తున్నారండి."

"తెరిచి పెడితే దణ్ణం ఏం బావుంటుందండి?"

"పోనీ, ఒక చేత్తో పెట్టొచ్చు కదండి."

"ఒక చేత్తో పెడితే టాటా చెప్పినట్టుంటదండి."

ఆదిత్య నవ్వాపుకున్నాడు. తర్వాత ఆపుకోవలసిన అవసరం లేకుండా పోయింది. "వెనకాల నలభై టన్నులుందండి. అరవైలో వెళ్తున్నారు. రెండు సెకన్లు కళ్ళు మూస్తే బండి ఎంత దూరం పోతుందో తెలుసాండి? ముప్పై మూడు మీటర్లు. ఆ ముప్పై మూడు మీటర్లలో స్కూటీ మీద ఎవరైనా ఉంటే?"

 కుర్రాడు చెప్పింది నిజం. న్యాయం అవతలి పక్షాన ఉన్నప్పుడు మనిషికి కలిగే కోపం అన్ని కోపాల్లోకీ నికృష్టమైనది, ఎందుకంటే దాన్ని ఎవరి మీదా పెట్టుకోలేం.

ఆదిత్య ఒక కాగితం ఇచ్చాడు. హామీ పత్రం. ఇకపై ఏ కారణం చేతనైనా, మతపరమైన కారణంతో సహా, నడిచే వాహనంలో రెండు చేతులూ తియ్యనని పైలట్ సంతకం చెయ్యాలి. సోమవారంలోగా ఇవ్వకపోతే స్వచ్ఛందంగా ఉద్యోగం వదులుకున్నట్టు కంపెనీ భావిస్తుంది.

దొరబాబు కాగితం మడిచి యూనిఫాం జేబులో పెట్టుకుని శనివారం సాయంత్రానికి ఇంటికొచ్చాడు. వీరవేణి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"మానేద్దామనుకుంటన్నా."

"మానేయండి. వీధి వీధంతా పైలట్ గారి ఇల్లు అంటన్నారు. మొన్న కొరియరు కుర్రోడు కూడా అలాగే అడిగి వచ్చాడు. మానేసి ఏం జేస్తారు?"

"దణ్ణం పెట్టనివ్వరంట."

"మనసులో పెట్టుకోండి."

"మనసులో పెడితే గోదారికెలా తెలుస్తాది?"

"గోదారి మీ కోసం కాసుకుని కూర్చుందా, పైలట్ గారు ఇంకా రాలేదేంటని?"

దొరబాబు నవ్వలేదు. వీరవేణి చేట పక్కన పెట్టి అతని మొహంలోకి చూసింది. అతనికి మాటలు వెతుక్కోవడం రాదు. ఆ సాయంత్రం మాత్రం ఎలాగో వెతుక్కున్నాడు. ఎంత జోరుగా పోవాలో కంపెనీ చెప్తది, ఎక్కడ ఆగాలో ఫోను చెప్తది, వెనకాల ఏముందో హైదరాబాదోడు చెప్తాడు. ఆ బండిలో నేను సొంతంగా చేసేది అదొక్కటేనే, అన్నాడు.

వీరవేణి చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత, "రాజుగారి దగ్గరికెళ్ళి అడగండి. మీరెళ్తానంటే అంత బాధపడ్డారు కదా" అంది.

అతని మనసులో ఉన్నదీ అదే. ఆదివారం ఉదయం గెడ్డం గీసుకుని, రాజుగారు పెట్టిన బట్టలే కట్టుకుని, భీమవరం బస్సెక్కాడు. జేబులో సంతకం లేని కాగితం అలాగే ఉంది. రాజుగారు ఊ అంటే దాన్ని తిరుగు బస్సులోనే చింపెయ్యాలని నిర్ణయించుకున్నాడు. రాజీనామాలు ఇంత గంభీరంగా ఆలోచించి ఇచ్చినవాళ్ళు మంత్రివర్గాల్లో కూడా అరుదు.

లారీ ఉండే చోట తెల్ల కారు ఉంది. లారీ హౌరా వెళ్ళి ఉంటుందనుకున్నాడు. జగపతిరాజు గారు వరండాలో పేపరు చదువుతున్నారు.

"రా దొరబాబూ. ఏంటి, యూనిఫాం లేకుండా వచ్చావ్?"

"అదే చెబుదామనండి." నిలబడే చెప్పాడు. గేటు ముందు పడిగాపుల సంగతి, హైదరాబాదు ఫోను సంగతి, కెమెరా సంగతి. "తప్పయిపోయిందండి. నా బండి నాకిప్పించండి. జీతం పాతదే ఇవ్వండి."

రాజుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు.

"ముందు భోంచెయ్యి" అన్నారు.

ఆ మాటతోనే దొరబాబుకు ప్రాణం లేచొచ్చింది. చేతులు కడుక్కుని కూర్చున్నాడు. రత్నమాణిక్యం గారు వడ్డన మొదలుపెట్టారు. రొయ్యల వేపుడు వేశారు. కోడికూర వేశారు. అడక్కుండానే మళ్ళీ వేశారు. గుత్తి వంకాయ, మామిడికాయ పప్పు, నెయ్యి. వద్దంటూ చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వేశారు. బండి మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. నాలుగో ముద్ద దగ్గర దొరబాబుకు ఏదో అనుమానం తగిలింది గానీ, పీత ఇగురు వచ్చి దాన్ని కప్పేసింది.

చివరకు ఆవిడే, ఓదార్పుగా, "బెంగ పెట్టుకోకు నాయనా" అన్నారు. "నీకే లోటూ రాకూడదనే కదా ఈయన తాపత్రయం. లారీ బేరం కుదిరాక నెల్లాళ్ళు నిద్రపోలేదు. పందొమ్మిదేళ్ళ మనిషిని పొమ్మని ఎలా చెప్పనూ అని. చివరికి ఆ కంపెనీ ఆయన మన రొయ్యల రవాణా బేరానికొస్తే, ఈయనే నీ పేరు చెప్పి ఒప్పించారు. మా దొరబాబుని తీసుకోండి, బంగారం లాంటి డ్రైవరూ అని."

"పెరుగు పట్రా" అన్నారు జగపతిరాజు గారు.

దొరబాబు చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. తన పేరు కంపెనీ దాకా ఎలా వెళ్ళిందో అతనికి ఇప్పుడు తెలిసింది. ఎవరో వెతుక్కుంటూ రాలేదు. ఇక్కడి నుంచి పంపేశారు.

"బండి అమ్మేశారాండి?"

"నువ్వెళ్ళిన వారానికే. ఆకివీడు వాళ్ళకి. లారీల్లో ఏం మిగలట్లేదు దొరబాబూ."

"ఆ ముక్క నాకు చెప్పేస్తే పోయేది కదండి."

"ఎలా చెప్తాం? ఇంటి మనిషివి."

"ఇంటి మనిషిననే చెప్పలేదాండి?"

రాజుగారు అతని విస్తరి వైపు చూశారు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. "మజ్జిగ పులుసు వేసుకోలేదేంటి?" అన్నారు.

ఆ ఇంటి చరిత్రలో కాదు, లేదు, వద్దు అన్న మాటలు విన్నవాడు లేడు. సాయం అడగడానికి వచ్చినవాడూ, పని అడగడానికి వచ్చినవాడూ కడుపు నిండా తిని, త్రేన్చి, వీధి మలుపు దాటాక గానీ తనకు దొరికిన జవాబేమిటో తెలుసుకునేవాడు కాదు. ఎన్ని కూరలు వడ్డిస్తే అంత గట్టి నిరాకరణ. ఈ లెక్కన మొదటి రోజు పనసపొట్టు కూర దగ్గరే దొరబాబుకు అర్థం కావలసింది. ఆ రోజు పెట్టింది వీడ్కోలు విందు కాదు, బరువు దించుకున్నవాళ్ళ పండగ. అతను దాన్ని ప్రేమనుకుని ఏడ్చాడు. ప్రేమ లేదని కూడా అనలేం. అదే అన్నింటికంటే చేదుగా ఉంది.

గేటు దాకా వచ్చి మళ్ళీ బట్టలు పెట్టారు. ఈసారి తువ్వాలు కూడా చేర్చారు.

బస్టాండులో తాతాజీ కనిపించాడు. చంకలో సంచీ, నోట్లో కిళ్ళీ. "ఏం పైలట్ గారూ, నేల మీదికి దిగారేంటి?" అన్నాడు. వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఏదేమైనా మా ఓనరు పాత మనిషి కాదురా, గుణమే మారిపోయింది. ఇదివరకు టైరు పేలిందంటే నాలుగు తిట్లు తిట్టేవాడు. ఇప్పుడు తాతాజీ గారూ అంటన్నాడు. మొన్న ఇంటికి పిలిచి బిర్యానీ పెట్టించాడు. మా ఆవిడక్కూడా పార్సిలు కట్టిచ్చాడు."

దొరబాబు అతని మొహం వైపు చూశాడు. ఆ మొహంలో పూతరేకులు పంచిన నాటి తన మొహమే ఉంది, నూనె రాసుకుని మెరుస్తూ.

"బిర్యానీ ఒక్కటేనా?" అని అడిగాడు.

"చేపల పులుసు కూడా. ఏం?"

పెనుగొండ బస్సు వచ్చింది. దొరబాబు ఎక్కేశాడు. దారిపొడవునా ఆలోచించాడు. మానేస్తే ఇంకెవరి దగ్గరికి పోవాలి? ఆకివీడు వాళ్ళకు వాళ్ళ డ్రైవర్లున్నారు. కాకినాడ ఎరువుల లారీల వాళ్ళు ముప్పై ఐదు దాటినవాడిని కళ్ళ పరీక్షకు కూడా పిలవరు. కూతురి చదువు ఇంకా రెండేళ్ళుంది. ఉద్యోగం మానెయ్యడానికి కూడా వెనకాల ఒక ఉద్యోగం ఉండాలి. ఉందనుకున్నది రొయ్యల వేపుడు మెతుకులతో కలిపి విస్తట్లో మడిచేసి వచ్చాడు.

"ఏమన్నారు?" అంది వీరవేణి.

"భోంచెయ్యమన్నారు."

ఆవిడ రాజుగారి ఊళ్ళో పుట్టిన మనిషి. చేతిలోని బట్టల కవరు చూసింది, తువ్వాలు చూసింది. 

సోమవారం పదింటికి ఆదిత్య టేబులు ముందు సంతకం పెట్టాడు. తెలుగులో, పూర్తి పేరుతో, ఒక్కో అక్షరం విడివిడిగా. ఆదిత్యకు నిజంగానే సంతోషం కలిగింది. "థ్యాంక్స్ అంకుల్. మీరు మానేస్తారేమోనని భయపడ్డానండి." కాగితం ఫైల్లో పెట్టుకుంటూ, "అన్నట్టు, కొత్త కంటెయినర్లు వస్తున్నాయి. మీకు తెలిసిన మంచి డ్రైవరుంటే ఒక పేరు చెప్పండి. మేమే వెళ్ళి మాట్లాడతాం" అన్నాడు. పెన్ను కూడా పట్టుకున్నాడు.

దొరబాబు నాలుక చివరి దాకా తాతాజీ పేరొచ్చింది. చెప్పేస్తే అయిపోతుంది. ఇస్త్రీ చొక్కా ఒకటి టీకొట్టుకు వెళ్తుంది, మీ పేరు మా దాకా వచ్చిందండి అంటుంది.

"ఉన్నాడండి. ముందు నేను మాట్లాడి చెప్తానండి" అన్నాడు.

బయట రేకుల షెడ్డు నీడలోకి వచ్చి ఫోను చేశాడు. పలకరింపులు లేకుండా మొదలుపెట్టాడు. "తాతాజీ, మీ ఓనరు బండి అమ్మేస్తన్నాడు. నీకు చెప్పలేక బిర్యానీ పెట్టాడు."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలా. వెళ్ళి నిలబెట్టి అడుగు. ఇక్కడ ఖాళీ ఉంది. ఉద్యోగం బాలేదు." చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. గేటు బయట తొమ్మిది గంటలు, లోపలికి రానివ్వరు, ఫోను, తాళం వేసిన ఇంజను, అస్తమానం మొహంలోకి చూసే కన్ను. గోదారి మీద చెయ్యెత్తడానికి లేదని, ఎత్తనని కాగితం రాసిచ్చానని కూడా చెప్పాడు. జీవితంలో ఒకరికి ఒక విషయం ఇంత కటువుగా, ఇంత పూర్తిగా అతనెప్పుడూ చెప్పి ఉండలేదు. "పైలటూ లేదు, ఏమీ లేదు. అన్నీ విన్నావు కదా. ఆలోచించుకో."

అటు వైపు కిళ్ళీ ఉమ్మిన చప్పుడయింది. 

"మరి నువ్వు మానేశావా?" అన్నాడు తాతాజీ.

"లేదు. ఇప్పుడే సంతకం పెట్టా."

"అయితే నా పేరు కూడా చెప్పు" అన్నాడు తాతాజీ.